చిరుతపులికి అదనపు బాడుగ

నగర్తపేటలో ఓబళప్ప అంగడి మా అంగడికి ఎదురుగానే ఉంటుంది. ఆయన అమ్మేది గుండీలు, లేసులు, అస్తరు గుడ్డ. తాతల నాటి వ్యాపారం. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర కన్నడ, సూరత్ నుంచి సరుకు తెచ్చేవాళ్ళతో హిందీ. మనిషి పొట్టి, మాట పొడుగు. బజారులో ఆయనకు ఒక పేరుంది. ఏ సరుకైనా ఆయన చేతిలో పడితే దాని విలువ సగం అయిపోతుందని. లేసు చుట్టను వేళ్ళ మధ్య సాగదీసి, వెలుతురులో పెట్టి చూసి, పెదవి విరిచి, "ఏందప్పా ఇది, రెండు ఉతుకులకే ముసలిదైపోయేట్టు ఉండాది" అంటాడు. ఆ మాట అన్నాక అది నిజంగానే అలా కనిపించడం మొదలవుతుంది, తయారు చేసినవాడికి కూడా. ఒక సూరత్ వ్యాపారి ధర తగ్గించడమే కాకుండా, ఇలాంటిది తెచ్చినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

ఈ ఓబళప్పకు అడవిలో ఒక గుడిసె ఉండేది. గుడిసె అన్నది ఆయన మాట. రాతి గోడలు, మంగళూరు పెంకులు, ముందు వరండా, వెనక వంటిల్లు ఉన్నదాన్ని గుడిసె అనడం కూడా ఆయనకు వ్యాపారంలో అబ్బిన అలవాటే.

దేవనహళ్ళి దాటి కొండల వైపు పోతే కరడిగుండు అడవి వస్తుంది. కరడి అంటే ఎలుగుబంటి. అడవి సర్కారుది, అందులో గుడిసె ఓబళప్పది. ఈ తిరకాసు వాళ్ళ నాయన కాలంలో మొదలైంది. అప్పట్లో ఎండాకాలం వస్తే ఆ కొండకు నిప్పంటుకునేది, ఆర్పే దిక్కుండేది కాదు. పట్నం వాళ్ళకు కొందరికి అడవిలో కొంచెం చోటిస్తే, ఇళ్ళు కట్టుకుని సెలవులకు వచ్చిపోతూ, పొగ కనిపించగానే కబురు చెప్తారని ఎవరో అధికారికి తోచింది. కొన్ని కుటుంబాలకు పర్మిట్లు ఇచ్చారు. నేల అమ్మరు, ఇల్లు మాత్రం కట్టుకోవచ్చు, ఏడాదికి అరవై రూపాయల బాడుగ. అది పెంచాలన్న సంగతి ఆ తర్వాత వచ్చిన అధికారులెవరికీ తట్టలేదు. అరవై కట్టడానికి పోయిరావడానికి ఆరువందల పెట్రోలు ఖర్చవుతుందని, ఇంత అన్యాయం ఎక్కడా లేదని ఓబళప్ప ఏటా విసుక్కునేవాడు.

ఆయన భార్య మునిలక్ష్మి మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు. మోకాళ్ళ నొప్పి మనిషి. నగర్తపేటలో మూడో అంతస్తు దిగాలంటే ఆమెకు అదొక ప్రయాణం. గుడిసెకు పోతే మాత్రం వరండాలో చాప వేసుకుని కూర్చుని, సాయంత్రం దాకా లేచేది కాదు. ఏం చేస్తావమ్మా అక్కడ అని నేనడిగితే, "ఏమీ చెయ్యనప్పా, అందుకే పోయేది" అంది.

పోయిన ఏడాది అడవి శాఖకు మెలకువ వచ్చింది. ప్రజల నేల మీద సొంత ఇళ్ళు పెట్టుకుని అరవై రూపాయలు కడుతున్నారా అని ఎవరో ఆడిటరు అడిగాడట. ఇక మీదట మార్కెట్ విలువను బట్టి బాడుగ ఉంటుందని, ఒక వాల్యుయర్ వచ్చి ఒక్కో ఇల్లూ చూసి విలువ కడతారని నోటీసులు వచ్చాయి.

గుడిసెల వాళ్ళకు ఒక సంఘం ఉంది. దానికి ఓబళప్ప అధ్యక్షుడు. ఒక ఏడాది ఆయన మీటింగుకు పోలేదు, రానివాడి మీద ఆ పదవి పెట్టేశారు. ఇప్పుడు అందరూ చిక్కపేటలో ఒక హోటల్ మేడ మీద కూడారు. మాట్లాడిందంతా లలిత్. వాళ్ళ తాత పేరు మీద పర్మిట్టు, ఇతనికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గడ్డం, చెవిలో ఎప్పుడూ ఒక తెల్లటి ఇయర్‌ఫోన్ బొట్టు.

"సింపుల్ అంకుల్. వాల్యూ తక్కువగా ఉందని చూపించాలి. ప్లేస్ వేస్ట్ అని వాళ్ళే రాసుకోవాలి" అన్నాడు లలిత్.

అందరూ ఓబళప్ప వైపు తిరిగారు. ఆయన దోసె ముక్క చట్నీలో ముంచి, తిని, వేళ్ళు తుడుచుకుని, "నాకు వదిలేయండప్పా" అన్నాడు.

తనిఖీ రోజు నా కారులోనే పోయాం. మునిలక్ష్మి చిత్రాన్నం కట్టుకుని వచ్చింది. ముందు రోజే ఓబళప్ప పోయి రెండు పెంకులు పక్కకు జరిపి, వరండాలో గబ్బిలాల పెంట చల్లి వచ్చాడని దారిలో తెలిసింది.

వాల్యుయర్ పేరు కాత్యాయని. గుంటూరు వైపు అమ్మాయి, పెళ్ళయి వైట్‌ఫీల్డులో ఉంటోంది. చేతిలో ట్యాబ్, కాళ్ళకు బురద బూట్లు. నెమ్మదస్తురాలు. చెప్పినదంతా విని, రాసుకుని, ఇంకేమైనా ఉందా అన్నట్టు తలెత్తి చూసే మనిషి. అలాంటి వాళ్ళంటే ఓబళప్పకు మహా ఇష్టం.

"రామ్మా. దారిలో నడుము విరిగిందేమో" అని మొదలుపెట్టాడు. "అది దారి కాదు తల్లీ, శిక్ష. వాన పడిందా, ఇంక బండి రాదు. మనిషన్నవాడు ఇక్కడికి రాలేడు."

"ఎవరూ రాలేరా సార్?"

"పక్కింటాయన కూడా రాలేడు. అరవాలన్నా వినపడదు."

కాత్యాయని రాసుకుంది.

"ఫోను చూడు. ఒక్క గీత ఉంటే నన్నడుగు. ప్రాణం మీదికి వచ్చినా చెప్పుకునే దిక్కు లేదు. నేను ఈడ ఉన్నానంటే అంగడి వాళ్ళు నన్ను పట్టుకోలేరు, ఇన్‌కంట్యాక్స్ వాళ్ళు పట్టుకోలేరు."

"అసలు జీరోనా? వైఫై కూడా పెట్టుకోలేమా?"

"యాడిది తల్లీ, కరెంటే లేదు. పొద్దు మునిగితే కళ్ళు పొడుచుకున్నా కానరాదు. బుడ్డి దీపం."

ఆమె ఫోను పైకెత్తి వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. తర్వాత దాన్ని బ్యాగులో వేసి జిప్పు లాగింది. ఆ జిప్పు లాగడంలో నాకెందుకో ఒక సుఖం కనిపించింది.

"అంత చీకటైతే నక్షత్రాలు బాగా కనిపిస్తాయేమో కదా సార్?"

"ఏం కనిపిస్తాయో ఏమో, మేం పైకి చూడం."

చిత్రాన్నం ఆకులో పెడుతున్న మునిలక్ష్మి తలెత్తి, "నేను చూస్తా కదా. బియ్యం ఒలకబోసినట్టు ఉంటాయి పాపా" అంది.

ఓబళప్ప ఆమె వైపు ఒక చూపు చూసి, తన ఆఖరి సరుకు బయటికి తీశాడు. వరండా గచ్చు మీద వంగి, అంచున ఉన్న గీతలు వేలితో చూపించాడు. "ఇదో, ఇవి గోళ్ళ గీతలు. చలికాలంలో చిరుతపులి వచ్చి ఈ గచ్చు మీద పండుకుంటాది. పగలంతా ఎండ తాగి గచ్చు వెచ్చగా ఉంటాది కదా, దానికి బాగుంటాది. పొద్దున్నే తలుపు తీస్తే అది ఇంకా పండుకునే ఉండింది ఒకసారి. ఇట్లాంటి ఇంటికి ఎవరైనా దుడ్లిచ్చి వస్తారా, నువ్వే చెప్పు."

కాత్యాయని మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతల మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. "ఫోటో తీసుకోవచ్చా సార్?"

"ఎన్నైనా తీసుకో."

తిరుగు ప్రయాణంలో ఓబళప్ప పాట అందుకోలేదు గానీ దానికి కొంచెం ఇవతల ఆగాడు. "ఏందప్పా, తేల్చేసినా కదా" అని నన్ను రెండు సార్లు అడిగాడు. తేల్చేశావనే అన్నాను. కాత్యాయని కారెక్కబోతూ, కొత్త సంవత్సరానికి ఈ ఇల్లు ఖాళీగా ఉంటుందా అని మునిలక్ష్మిని అడగడం మాత్రం నేను విన్నాను. అది ఆయనతో చెప్పి ఆ పూట పాడు చెయ్యడం ఎందుకని ఊరుకున్నాను.

వర్షాలు మొదలయ్యే ముందు బాడుగ కాగితం వచ్చింది. ఏడాదికి మూడు లక్షల పైచిలుకు. కింద ఎందుకంత అయిందో వివరం. ఏకాంతానికి ఇంత శాతం, నిశ్శబ్దానికి ఇంత, ఫోను అందకపోవడానికి ఇంత, రాత్రి ఆకాశానికి ఇంత. అన్నిటికన్నా కింద, చిరుతపులికి అదనంగా ఇరవై శాతం. పెంకులు జరిగి ఉన్నందుకు, గబ్బిలాల పెంటకు మాత్రం "పాతకాలపు సహజ వాతావరణం" అని రాసి, మొత్తానికి ఇంకో రెండు శాతం కలిపారు.

ఓబళప్ప ఆ కాగితం అంగడిలో నిలబడి చదివాడు. బేరానికి వచ్చిన దర్జీ ఒకతను లేసును తక్కువకు అడిగితే, అడిగింది అడిగినట్టు ఒప్పుకున్నాడు. అలా జరగడం మా వీధిలో ఎవరూ చూడలేదు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కాత్యాయని ఆఫీసుకు పోయాడు. ఆమె కాఫీ తెప్పించింది.

"చూడమ్మా, ఆ పులి నాది కాదు. సర్కారుది. సర్కారు పులి వచ్చి నా వరండాలో పండుకుంటే బాడుగ నేను కట్టాల్నా, అది కట్టాల్నా?"

కాత్యాయని నవ్వలేదు. "పాయింటే సార్. కానీ నేను చుట్టుపక్కలవి పోల్చి చూడాలి కదా. కొండకు అటువైపు రిసార్టులో చిరుత కనిపించే రూముకు డబుల్ తీసుకుంటున్నారు. అది కూడా కచ్చితంగా కనిపిస్తుందని చెప్పరు. మీది వరండాలోకే వస్తోంది."

"సిగ్నల్ లేకపోవడం కూడా గొప్పేనా?"

"మా ఆయన ఆఫీసులో నెలకొకసారి ఫోన్లు పెట్టెలో వేసి తాళం వేసే క్యాంపుకు డబ్బు కట్టి పంపిస్తారు సార్."

ఓబళప్ప ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె అబద్ధం చెప్పడం లేదు. తను ముప్పై ఏళ్ళుగా లోపాలనుకుని చెప్తున్నవన్నీ ఈ ఊళ్ళో ఎప్పుడో సరుకైపోయాయని, ఆ సంగతి తన చెవిన వేసినవాడే లేడని ఆయనకు అప్పుడు అర్థమైంది. లేస్తూ, "అప్పీలుకు ఎన్ని దినాలు టైముండాది?" అని మాత్రం అడిగాడు. ఏడాది ఉందంది.

మళ్ళీ హోటల్ మేడ మీద మీటింగు. ఈసారి దోసెలు ఎవరూ సరిగా తినలేదు. లలిత్ చెవిలో బొట్టు తీసి బల్ల మీద పెట్టాడు. "ప్రాబ్లమ్ మన దగ్గరే ఉంది అంకుల్. ప్లేస్ బాగుంది. బాగుండకుండా చేస్తే రేటు పడిపోతుంది. లైట్లు పెడదాం, సిగ్నల్ బూస్టర్ పెడదాం, స్పీకర్లు పెడదాం. చిరుత తనే వెళ్ళిపోతుంది."

ఒకరిద్దరు గొణిగారు. పర్మిట్టు ఒప్పుకోదేమోనన్నారు. పర్మిట్టు తీసి చదివితే అందులో లైట్ల గురించి, స్పీకర్ల గురించి ఒక్క ముక్క లేదు. అది రాసిన నాడు అక్కడికి కరెంటు వస్తుందని ఎవరూ అనుకోలేదు. రాయనిది నిషేధం కాదని శాఖలో ఒకాయన నోటిమాటగా చెప్పాడు కూడా.

ఓబళప్ప ఆ పని మీద పడ్డాడు. సరుకును మాటతో చెడగొట్టడం ఆయనకు తెలుసు, చేత్తో చెడగొట్టడం కొత్త. అయినా అధ్యక్షుడు కదా. స్తంభాలు వేయించి కరెంటు తెప్పించారు. చెట్ల కొమ్మలకు ఫ్లడ్‌లైట్లు కట్టించారు. పీణ్య కార్ఖానాల్లో చెప్పి ఇనప ఫ్రేములు చేయించి, వాటి మీద మనిషెత్తు స్పీకర్లు నిలబెట్టారు. దారికి తారు పోయించారు. ఆ అడవిలో గార్డుగా పనిచేసే ఆవులప్ప తారు పోసే చోటికి వచ్చి, "ఏంది స్వామీ, పెండ్లా?" అని అడిగాడు. "అట్లాంటిదే" అన్నాడు ఓబళప్ప.

లైట్లు వెలిగించిన వారం మునిలక్ష్మి కూడా వచ్చింది. వరండాలో చాప వేసుకుంది. పక్క గుడిసె నుంచి లలిత్ పాటలు పెట్టాడు. ఆమె కాసేపు కూర్చుని, లేచి చాప చుట్టింది. లోపల వంటింట్లో గిన్నెలు తోముతూ కూర్చుంది. సాయంత్రం కారెక్కేటప్పుడు, "ఇంక నేను రానప్పా. ఈ గోలకు నగర్తపేట చాలదా?" అంది. నాతోనే అన్నా, ఓబళప్ప వినేలా అంది. ఆయన వినలేదు, లేదా విననట్టు కారు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

చిరుత ఆ చలికాలం రాలేదు. గబ్బిలాలు కూడా పోయాయి. పొద్దున పూట కూసే ఏదో పిట్ట ఉండేది, దాని పేరు మాకెవరికీ తెలియదు, అదీ పోయింది. ఓబళప్ప వీటన్నిటినీ అప్పీలు కాగితంలో ఒక్కొక్కటిగా రాయించాడు. రాయిస్తుంటే మధ్యలో ఆగిపోయి, "అది ఎట్ల కూసేది?" అని నన్నడిగాడు. నాకు గుర్తు రాలేదు.

కాత్యాయని రెండోసారి వచ్చింది. ఈసారి మునిలక్ష్మి లేదు, చిత్రాన్నమూ లేదు. ఓబళప్ప తారు రోడ్డు చూపించాడు, ఫోను తీసి గీతలన్నీ నిండుగా ఉన్నాయని చూపించాడు, లలిత్‌కు సైగ చేసి స్పీకరు పెట్టించాడు. వరండా గచ్చు దగ్గరికి ఆమే పోయింది.

"రావట్లేదా సార్?"

"రాదమ్మా. పోయింది."

ఆమె పాత వివరంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే చదువుతూ కొట్టేసింది. ఏకాంతం లేదు. నిశ్శబ్దం లేదు. ఆకాశం లేదు. పులి లేదు. ఒక్కో గీతకు ఓబళప్ప తల ఊపాడు. అంతా కొట్టేశాక ఆమె ట్యాబ్‌లో ఇంకో పేజీ తెరిచింది.

"తారు రోడ్డు ఉంది. కరెంటు ఉంది. ఫుల్ సిగ్నల్. పార్కింగుకు చోటు ఉంది. ఫంక్షన్లకు లైటింగ్, సౌండ్ ఉన్నాయి" అంటూ రాసుకుంది.

"అవన్నీ ఎందుకమ్మా రాస్తాండావు?"

"ఇంక దీన్ని అడవి కింద చూడలేం సార్. అడవి లక్షణాలు ఏమీ మిగల్లేదు కదా. దేవనహళ్ళి సైట్లతో పోల్చాలి. ఎయిర్‌పోర్టుకు దగ్గర కూడా."

ఓబళప్ప మెట్టు మీద కూర్చున్నాడు. "అంటే అడవి బాగుంటే ఒక రేటు, పాడైతే ఇంకో రేటు."

"అవును సార్."

"రెండోది తక్కువ కదా?"

కాత్యాయని ట్యాబ్ మూసింది. "విలువ కట్టడం నా పని సార్. ఎయిర్‌పోర్టు పక్క రేట్లు మీకు తెలియంది ఏముంది." మెల్లిగా, "మొదటిసారే కట్టేసుంటే బాగుండేది" అంది. ఆ మాట ఆమె రాసుకోలేదు.

కొత్త బాడుగ అయిదు లక్షలు దాటింది. సంఘం రెండుగా చీలింది. లలిత్ తన అయిదు లక్షలు నవ్వుతూ కట్టాడు. అతని గుడిసె ఇప్పుడు శని, ఆదివారాలు పుట్టినరోజులకు, నిశ్చితార్థాలకు ఖాళీ లేకుండా నడుస్తోంది. నెల తిరిగేసరికి కట్టింది వెనక్కి వచ్చేసిందట. కరడిగుండు అడవి నుంచి ఆదాయం ఎన్నడూ లేనంతగా పెరిగిందని శాఖ వాళ్ళు ఏడాది చివర పుస్తకంలో వేసుకున్నారు. పక్కన ఒక చిరుత బొమ్మ కూడా వేశారు. కాత్యాయని తీసిన గోళ్ళ గీతల ఫోటో వేస్తారేమో అనుకున్నాం గానీ, అది ఎక్కడిదో వేరే పులి.

ఓబళప్ప ఒక వారం దాకా కట్టలేదు. ఆ తర్వాత మునిలక్ష్మే అంది, నేనక్కడే ఉన్నాను, అంగడికి ఆయన క్యారియరు తెచ్చింది. "ఇచ్చెయ్యి దాన్ని."

"మా నాయన కట్టింది."

"ఆయన కట్టింది పొగ చూడడానికి. మనం వేసిన లైట్లకు ఇప్పుడు పొగ కూడా కానరాదు. ఇచ్చెయ్యి."

అలా ఆమె అంతకుముందు ఏ విషయంలోనూ అనలేదు. ఓబళప్ప క్యారియరు మూత తీసి, మూసి, మళ్ళీ తీసి, "సరే" అన్నాడు.

ఇచ్చెయ్యడం తీసుకున్నంత తేలిక కాలేదు. పర్మిట్టు వదులుకునేవాళ్ళు నేలను పూర్వస్థితికి తెచ్చి అప్పగించాలి. పూర్వస్థితి అంటే ఏంది అని అడిగితే శాఖలో పాత ఫైలు వెతికి, "కంపచెట్లు, రాళ్ళు" అని ఉందన్నారు. గోడలు విప్పించాం, పెంకులు దించాం, రాళ్ళు అక్కడే వదిలాం కాబట్టి రాళ్ళ సంగతి తేలింది. కంపచెట్ల కోసం ఓబళప్ప నర్సరీలన్నీ తిరిగాడు. ఏ నర్సరీవాడూ కంపచెట్టు అమ్మడు. "అవి పీకడానికి మనిషిని పంపిస్తాం గానీ" అన్నారు. వదిలేస్తే అవే మొలుస్తాయి స్వామీ అన్నాడు ఆవులప్ప. కానీ నాటుతున్నట్టు ఫోటో లేకపోతే ఫైలు మూయడానికి లేదట. చివరికి ఆవులప్పే కొండ అవతల నుంచి వేళ్ళతో సహా నాలుగు పొదలు తవ్వి తెచ్చాడు. ఓబళప్ప, మునిలక్ష్మి చెరో పక్కన వంగి నాటుతుండగా నేను ఫోటో తీశాను. ఇద్దరి చేతులూ గీసుకుపోయాయి. ఆ ఫోటో ఫైలులో ఉంది. అందులో వాళ్ళిద్దరూ దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు కనిపిస్తారు.

వానలు వెళ్ళిపోయాక మునిలక్ష్మి ఒకసారి పోదామంది. ఈసారి గేటు దగ్గర మామూలు జనం లాగా టికెట్టు తీసుకున్నాం, మనిషికి యాభై. తారు రోడ్డు వదిలి కాలిబాట పట్టాం. లలిత్ గుడిసె వైపు పగలు కాబట్టి చప్పుడు లేదు. ఓబళప్ప వాళ్ళ గుడిసె ఉన్న చోటు మాత్రం కనుక్కోలేకపోయాం. గడ్డి నడుము దాకా లేచింది. నాలుగు పొదలు ఎన్నయ్యాయో, ఏవి నాటినవో ఏవి మొలిచినవో తెలియలేదు.

"వంటిల్లు ఈడ" అన్నాడు ఓబళప్ప.

"ఈడ యాడిది. ఈడ వరండా. ఎండ ఇట్ల పడేది" అంది మునిలక్ష్మి.

"నీకేం తెలుసు, నువ్వు ఎప్పుడూ కూర్చునే ఉంటివి."

"అందుకే తెలుసు."

ఇద్దరూ వాదించుకుంటూ ఒక బండ మీద కూర్చున్నారు. నేను కొంచెం ఎడంగా చెట్టు నీడన కూర్చున్నాను. ఓబళప్ప ఆ గడ్డి వైపు చూస్తూ ఏదో అనబోయాడు. పెదవి విరుపు సగం దాకా వచ్చింది. ఏమనుకున్నాడో, నోరు మూసుకుని భార్య పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఆమెకే కంగారు పుట్టించింది. "ఒంట్లో బాగుండాదా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "బాగుండాదిమే" అన్నాడు.

నాలుగు గంటలకు ఆవులప్ప వచ్చి, టికెట్టు వాళ్ళు ఇంక బయటికి పోవాలన్నాడు. మునిలక్ష్మి మోకాళ్ళ మీద చేతులానించి లేస్తూ, వచ్చే ఆదివారం గేటు ఎన్నింటికి తీస్తారని అతన్ని అడిగింది.